క్యారెక్టరు: ఒక యన్యదేశ్యపదము తెలుఁగున నడచిన త్రోవ

ఇంగ్లీషువారి నిత్యవ్యవహారమున నున్న యొక చిన్నమాటను గూర్చి యీ వ్యాసమున విచారింపఁ బూనితిని. పదుగురిలోఁ గలసిపోక, తన మాటతీరుచేతను, నడతచేతను, పట్టుదలచేతను వేఱుగాఁ గనఁబడుచు, చూచువారికి వినోదమును, తలఁచుకొనువారికి ముచ్చటయుఁ గలిగించు మనుష్యుని వారు ‘క్యారెక్టరు’ అందురు. ఈ మాట నేఁడు తెలుఁగువారి నోటను విరివిగా వినఁబడుచున్నది. ‘వాఁడొక క్యారెక్టరు’ అన్నచో అర్థము చెప్పుమని యడుగువారు పట్టణములలో నరుదు. అయినను ఈ పదము మన భాషలోనికి ఒక్కమాఱు వచ్చినది కాదు. మూఁడు త్రోవల వచ్చి, మూఁడర్థములతో నిలిచినది. వానిలో నొకటి శీలము, రెండవది నాటకపాత్రము, మూఁడవది పైని జెప్పిన వింతమనిషి. ఈ మూఁటికిని గల భేదము నెఱుఁగక వాడినచో మెప్పనుకొన్నది నిందయై కూర్చుండును. కావున నిది నిఘంటుకారులకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు; ఒక మనిషికిఁ గల మంచిపేరునకును దీనికిని సంబంధము కలదు.

విషయము తేటపడుటకై యొక సందర్భము నూహింతము. నాయుఁడుపేటకును సూళ్ళూరుపేటకును నడుమ, గూడూరునుండి చెన్నపట్టణము పోవు రైలుదారిమీఁద దొరవారిసత్రమను నూరు గలదు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో తిరుపతి జిల్లా యేర్పడు వఱకు నిది నెల్లూరు జిల్లాలోనిది. తూర్పున పులికాటు సరస్సు. దక్షిణమున నెంతో దూరము పోకముందే తమిళదేశపు పొలిమేర. అట్టి యూర నొక వృద్ధురాలు బాటప్రక్కను పూటకూటి యంగడి నడపినదనుకొందము. ఆమె నోటికి జంకనివారు లేరు. బాకీపడినవాఁడు రైలెక్కి కూర్చున్నను కిటికీవద్దకుఁ బోయి వసూలు చేసినది. చేతఁ గాసులేక నిలిచినవానికి అడుగకముందే యాకు వేసి వడ్డించినది. అట్టి యామె కాలము చేసినది. పెద్దకర్మనాఁడు, చెన్నపట్టణమునఁ జదివి యుద్యోగము చేయుచున్న మనుమఁడు లేచి నిలిచి, కన్నులు తుడుచుకొని, ‘మా అవ్వ పెద్ద క్యారెక్టర్!’ అనును. కూర్చున్నవారు ఒకరి మొగ మొకరు చూతురు. వెనుకనుండి యొక ముసలమ్మ, ‘అదేంది అబ్బయ్యా, పోయిన మనిషిని పట్టుకొని అంత మాట అనేశావు?’ అని యడుగును.

ఇరువురిలోఁ దప్పెవరిది? మనుమఁడు తా నెఱిఁగిన మాటలలోనెల్లఁ బ్రేమతోఁ గూడిన మాటను బలికినాఁడు. ముసలమ్మ తా నెఱిఁగిన యర్థమునే విన్నది. పదమొకటే, అది వీరిరువురి యిండ్లకును వేఱువేఱు త్రోవలఁ జేరినది. ఆ త్రోవలను వెదకుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

పదములు త్రోవ మార్చుకొనుట క్రొత్త కాదు. ఆ యూరి పేరే యిందులకు సాక్ష్యము. సత్రమనఁగా వేదకాలమునఁ బెక్కుదినములు సాగు సోమయాగము. నైమిశారణ్యమున శౌనకుఁడు నడపిన పండ్రెండేండ్ల సత్రమున సూతుఁడు భారతకథ వినిపించినట్లు మహాభారతారంభమునఁ గలదు. తరువాతి కాలమున బాటసారులకు అన్నమును, బసయు నొసఁగు గృహమునకు నదే పేరైనది. తమిళులు దానిని చత్తిరమనిరి. దొరవారిసత్రపు రైలుస్టేషను పేరును ఇంగ్లీషక్షరములలోఁ జూచినచో ‘చత్రము’ అను నీ తమిళపుఁజాయయే కనఁబడును. ఇఁక ‘దొర’ శబ్దము. మొదట నేలిక, ప్రభువు, మన్నెపు నాయకుఁడు అను నర్థములఁ జెల్లినది. ఇంగ్లీషువారి యేలుబడిలో తెల్లవాఁడెల్ల దొరయే యయ్యెను. ప్రభుత్వమునకు దొరతనమని పేరు వచ్చెను. అయినను మన్రోదొర, బ్రౌనుదొర, కాటనుదొర యని జనులు చెప్పుకొనునపుడు అందులో నధికారముకంటె నధికమైన యొక చనవు వినఁబడును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన కాటనును గోదావరిసీమవారు అట్లే తలఁచుకొందురు. యాగము బసయైనది, ప్రభువు పరదేశియై, పరదేశి మరల ఆప్తుఁడైనాఁడు. ‘క్యారెక్టరు’ కథయు నిట్టిదే.

ఈ పదమునకు మూలము గ్రీకుభాష. అందు ‘ఖరక్తేర్’ అనఁగాఁ జెక్కెడు పనిముట్టు, చెక్కుటచే నేర్పడిన గుఱుతు, నాణెముపైఁ గొట్టిన ముద్ర. నాణెమును ముద్రచేత గుర్తించినట్లు మనిషిని గుణముచేత గుర్తింతుము గావున ముద్రకును గుణమునకును నొకటే పేరైనది. చెక్కిన గుఱుతే యక్షరము గనుక అక్షరమునకును ఆ పేరే చెల్లినది. ఇచ్చట నొక విశేషము గమనింపఁదగియున్నది. మనవారును మనిషిపై నొక వ్రాఁత చెక్కఁబడి యున్నదందురు. కాని దానిని నొసటిపైఁ జూచి, తలవ్రాఁత యని దానికి విధియను నర్థము నిచ్చిరి. గ్రీకులు చెక్కినదానిని స్వభావమనిరి. మనము చెక్కినదానిని విధి యంటిమి. స్వభావమును జెప్పుటకు మనకు వ్రాఁతతోఁ బనిలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోఁ గాని పోదని మన సామెత.

అరిస్టాటిలు శిష్యుఁడగు థియొఫ్రాస్టసు, క్రీస్తునకుఁ బూర్వము నాలుగవ శతాబ్దిలో, ముఖస్తుతి చేయువాఁడు, పిసినారి, వదరుఁబోతు మొదలుగా ముప్పదివిధముల మనుష్యులను జిన్నచిన్న చిత్రములుగా వ్రాసి ఆ గ్రంథమునకు ఈ పదమునే బహువచనమునఁ బేరిడెను. 1608లో జోసెఫు హాలు, 1614లో నోవరుబరీ పేరఁ బ్రకటింపఁబడిన సంపుటము, 1628లో జాను ఎర్లు ఇట్టి రచనలను ఇంగ్లీషునఁ బ్రచారమునకుఁ దెచ్చిరి. ఫ్రాన్సున లా బ్రూయేరు 1688లో నట్టిదే ప్రకటించెను. వీరందఱి దృష్టిలోను క్యారెక్టరనఁగా నొక జాతి, ఒక మచ్చు. పిసినారి యనఁగాఁ బిసినారులందఱును. అయితే పదునెనిమిదవ శతాబ్దినాఁటికి అర్థము తలక్రిందైనది. అందఱివలె నుండువాఁడు కాక, ఎవ్వరివలెను లేనివాఁడే క్యారెక్టరనిపించుకొనెను. 1773లో నాడఁబడిన గోల్డుస్మిత్తు ప్రహసనమున నీ యర్థము స్పష్టముగాఁ గలదు. జాతిని జెప్పిన పదము జాతిలోఁ జేరనివానికిఁ జెల్లుట వింతయే. కాని మనకును అట్టివి కలవు. ఛాందసుఁడనఁగా వేదము నధ్యయనము చేసినవాఁడు. ఆ గౌరవపదము తెలుఁగున చాదస్తుఁడై, చేసిన పనినే పదిమాఱులు చేయువానికి పేరైనది.

ఈ పదము తెలుఁగుదేశమునకు వచ్చిన మొదటి త్రోవ కొలువు. ఇంగ్లీషుదొరల యిండ్లలో వంటవారు, బండివారు, ఆయాలు పనిచేసెడువారు. యజమానుఁడు ఊరు విడిచిపోవునపుడు, ఈ మనిషి నమ్మకస్థుఁడు, త్రాగఁడు, దొంగిలఁడు అని చీటి వ్రాసి యిచ్చెడువాఁడు. ఆ చీటికే ఇంగ్లీషున క్యారెక్టరని పేరు. చీటి యున్నవానికి మఱొక యింటఁ గొలువు దొరకెడిది. లేనివానికి దొరకెడిది కాదు. తరువాత పాఠశాలలు ఏర్పడి, చదువు ముగించినవానికి సత్ప్రవర్తన పత్రము నిచ్చుట యాచారమైనది. అందును ఈ పదమే. సర్కారుద్యోగమునకుఁ బోవువానిని గూర్చి పోలీసువారు విచారించు దానికిని ఈ పేరే. ఇట్లు సామాన్యజనమునకు క్యారెక్టరనఁగాఁ బరులు పరీక్షించి, కలదనియో లేదనియో తీర్పు చెప్పునదిగా నలవాటైనది. అది కలిగియుండవలసినది, పోఁగొట్టుకొనఁదగనిది. పురుషుని విషయమున నీ తీర్పు ధనమునకును, మద్యమునకును సంబంధించినది. స్త్రీ విషయమున కుదించుకొనిపోయి పాతివ్రత్యమునకు మాత్రమే సంబంధించినది. ‘ఆమె క్యారెక్టర్ మంచిది కాదు’ అను మాటకు తెలుఁగునాట రెండవ యర్థము లేదు. మన ముసలమ్మ విన్నది యీ యర్థమే.

రెండవ త్రోవ రంగస్థలము. నాటకములోని వ్యక్తులకు మనవారు పాత్రలని పేరిడిరి. పాత్రమనఁగాఁ గొనెడు గిన్నె. అందుండియే అర్హుఁడను నర్థమును వచ్చినది. ఇంగ్లీషు నాటకములు చదివినవారు దీనికి సరిగా క్యారెక్టరను పదమును వాడసాగిరి. 1932లో తెలుఁగున మాటలాడు చలనచిత్రము వెలువడిన పిదప ఈ వాడుక యూరూర వ్యాపించెను. చలనచిత్రములవారు నాయకుఁడును, హాస్యగాఁడునుఁ గాక, తండ్రిగను, తాతగను, జమీందారుగను, తగవరిగను నటించి కథను మోయువానికి ‘క్యారెక్టర్ నటుఁడు’ అని పేరు పెట్టిరి. ఎస్. వి. రంగారావు (1918–1974), గుమ్మడి వేంకటేశ్వరరావు (1927–2010) ఈ పేరునకు వన్నె తెచ్చినవారు. నాయకుని ప్రక్కనుండియు మఱపునకు రాని మనుష్యుఁ డను భావము ఈ పదమున కిచ్చటనే బలపడినదని నాకుఁ దోఁచుచున్నది. నెల్లూరు జిల్లావాఁడే యగు రమణారెడ్డి (1921–1974) హాస్యనటుఁడుగాఁ బ్రసిద్ధుఁడు. 1957 నాఁటి మాయాబజారున నాతని చిన్నమయను జూచినవారు ఆ సన్ననిమేనిని, ఆ నడకను మఱువలేరు. ఎంతచిన్న వేషమైనను వేషధారి ముద్ర నిలిచియుండుట యన నదియే.

మూఁడవ త్రోవ సంభాషణము. ఇంగ్లీషు చదివిన యువకులు కళాశాలలలోను, కచేరీలలోను మాటల నడుమ ఇంగ్లీషుపదములను జొనుపుట యారంభించిరి. ఈ మిశ్రభాషకు సాహిత్యమున శాశ్వతస్థానము కల్పించినది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో మొదట నాడఁబడి, 1897లో ముద్రింపఁబడి, 1909లో మార్పులతో మరల వెలువడిన ఆ నాటకమున గిరీశము ఇంగ్లీషుముక్కలను విసరుటచేతనే బ్రదుకును. మన పదముయొక్క మూఁడర్థములును ఈ నాటకమునఁ గలసికొన్నవి. గిరీశము పాత్ర, నడతను జూతుమా, చీటి యీయఁదగినవాఁడు కాఁడు, అయినను చూచినవారెల్ల నవ్వుచు జ్ఞాపకముంచుకొను వింతమనిషి. మధురవాణియుఁ బాత్రయే. లోకము కొలుచు కొలతతో నామెకు శీలము లేదు. కాని చతురతయందును, ధైర్యమునందును, తుదకు మేలు చేయుటయందును ఆ నాటకమున నామెకు సాటివచ్చువారు లేరు. గిరీశమును ‘క్యారెక్టరు’ అన్నచో నెల్లరును నవ్వుదురు. మధురవాణిని ఆ మాటయే యన్నచో సగముమంది నవ్వుట మాని కనుబొమలు ముడుతురు. ఈ భేదమునకుఁ గారణము పదమునఁ గాక మన మనస్సున నున్నది.

ఇట్టి మనిషిని జెప్పుటకుఁ దెలుఁగున మాటలు లేకపోవుటచేతనే ఇంగ్లీషుమాట వచ్చినదని కొందఱందురు. అది సరికాదు. మనకు మాటలు లేమి లేదు. ‘వాఁడొక ఘటము’ అందుము. ఘటమనఁగాఁ గుండ, దానినుండి దేహము. మొండిఘటము, గట్టిఘటము అనునవి నిత్యవ్యవహారమున నున్నవి. నాటకకర్త మనిషిని పాత్ర యనఁగా, రచ్చబండ మీఁదివాఁడు కుండ యనెను. ఇరువురికిని దోఁచిన యుపమానమొకటే. ఎవ్వరికిని లొంగని దిట్టను ఉద్దండపిండము అందుము. అట్లే కొరకరాని కొయ్య, గుండెలు తీసిన బంటు, నాలుగాకులెక్కువ చదివినవాఁడు అనునవి యొక్కొక్క విధమైన మనిషిని బట్టి చూపును. మహానుభావుఁడు, ఘనుఁడు అను మాటలు మెప్పునకును, ఎత్తిపొడుపునకును సమానముగాఁ బనికివచ్చును. పలికెడు కంఠమే యర్థమును నిర్ణయించును.

మఱికొన్ని మాటలు బయటినుండి వచ్చినవి. 1854లో బ్రౌను తెలుఁగునఁ గలసిన యన్యదేశ్యములకే ప్రత్యేకముగా నొక నిఘంటువును బ్రకటించెనన్నచో అప్పటికే యివి యెంత పెరిఁగియుండెనో తెలియును. ఆసామి యను నరబ్బీమాట పేరులను నర్థమునుండి పుట్టి, రెవిన్యూలెక్కలలో రైతై, తరువాత ‘ఆ ఆసామి’ యని యెవనినైనను జెప్పుటకు వచ్చినది. శాల్తీ యనుమాటను సామానును లెక్కించునప్పుడును, మనిషిని బరిహాసముగాఁ జెప్పునప్పుడును వాడుదురు. అంగడినుండి సరుకు, నమూనా, శాంపిలు, కోర్టునుండియు ఆసుపత్రినుండియు కేసు, బేరసారములనుండి పార్టీ, అచ్చుకూటమునుండి టైపు. ‘వాఁడొక కేసు’, ‘వాఁడొక టైపు’, ‘వాఁడొక శాంపిలు’ అనుటలో మనవారు చేసినదొకటే పని. ఎచ్చట మనుష్యులను వరుసగా నిలిపి లెక్కించుచున్నారో, రకములుగా విభజించుచున్నారో, అచ్చటి మాటను దెచ్చి, ఆ లెక్కకు నందనివానికిఁ దగిలించిరి. ఇంగ్లీషున క్యారెక్టరను పదము జాతినుండి విజాతీయునకు మాఱినట్లే తెలుఁగున నివియన్నియు మాఱినవి. ఒక భాషను జూచి మఱొకటి నేర్చినది కాదు. మనుష్యస్వభావ మిరుచోటులను నొక్కటే యగుటయే కారణము.

ఇచ్చట వ్యాకరణవిషయ మొకటి చెప్పవలసియున్నది. ఈ పదములన్నియు ‘ఒక’ శబ్దముతోఁ గూడి విధేయముగా నిలుచును. ‘వాఁడొక క్యారెక్టరు’ అన్నచో వింతమనిషి. ‘వాని క్యారెక్టరు’ అని షష్ఠితోఁ జెప్పినచో శీలము. ‘వాని క్యారెక్టరు బాగున్నది’ యని నాటకము చూచి వచ్చినవాఁ డన్నచోఁ బాత్రము. మూఁడర్థములను వేఱుచేయునవి యీ సన్నని గీఁతలు మాత్రమే. సభలో నుద్వేగముతో మాటలాడునపుడు అవి చెరిగిపోవుట సహజము. మనుమఁడు ‘ఒక’ అనక ‘పెద్ద’ అనెను; వాక్యమున గీఁత చెరిగెను; వినువారు తమకుఁ దెలిసిన యర్థమును బూరించుకొనిరి.

అంతకంటె లోతైన విషయము లింగమును గూర్చినది. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ జెప్పినట్లు తెలుఁగునఁ బురుషవాచకములు మహత్తులు; తక్కినవి యమహత్తులు. స్త్రీవాచకములకు మహతీవాచకములని వేఱుపేరున్నను ఏకవచనమున వాని క్రియ యమహత్తు క్రియయే. ‘వాఁడు వచ్చినాఁడు’, ‘ఆమె వచ్చినది’, ‘కుండ పగిలినది’. ఇపుడు ‘ఆ ఘటము వచ్చినది’ అని పురుషునిఁ గూర్చి యన్నచో ‘వచ్చినాఁడు’ అనవలసినచోట ‘వచ్చినది’ యుండుట వినువానికిఁ దోఁచును. మనిషిని గుండగా మార్చిన పరిహాసము క్రియలోనే తెలియును. పరిహాసమని తెలియుటచేఁ గాఠిన్యము తగ్గును. స్త్రీ విషయమున నా సూచన లేదు. పరిహాసమైనను, నిజమైనను క్రియ యొక్కటే. కావునఁ బురుషునకు వేళాకోళమైన మాట స్త్రీకిఁ దీర్పై తగులును.

ఇది యింగ్లీషుపదమునకే సంభవించిన దోషము కాదు. అచ్చతెలుఁగుమాటల గతియు నిట్లే యున్నది. ‘అదొక రకము మనిషి’ యని పురుషుని గూర్చి యన్నచో తిక్కవాఁడని యర్థము. స్త్రీని గూర్చి యన్నచో అర్థము వేఱు. దొరవారిసత్రమువంటి పొలిమేర యూళ్ళకుఁ జేరువనున్న తమిళుల వాడుకలోను ‘ఒరు మాదిరి’ యనునది యిట్లే నడచుచున్నది. పురుషుఁడైనచో వింతపోకడవాఁడు, స్త్రీయైనచో నడత సందేహింపఁదగినదని సూచన. ఇంగ్లీషుమాట వచ్చి మన భాషను జెఱచినదనుట యన్యాయము. అదివఱకే త్రొక్కియున్న బాటలో నది నడచినది.

ఇంగ్లీషువారు ఇట్టి మనుష్యులను రంగులతోఁ గూడినవారనియుఁ జెప్పుదురు. దానిని మక్కికి మక్కిగాఁ దెలిఁగించి ‘రంగురంగుల వ్యక్తిత్వము’ అని వ్రాయుట కొన్నియెడలఁ గనఁబడుచున్నది. ఇది తెలుఁగు చెవికింపుగానుండదు. మన నుడికారమున రంగు మనిషికిఁ గీర్తి తెచ్చునది కాదు. వాని రంగు బయటపడినదన్నచో మోసము తెలిసినదని యర్థము. రంగులు మార్చునది యూసరవెల్లి. వర్ణమయము అందుమా, వర్ణశబ్దము మఱొకవైపు లాగును. పక్షి విషయమును నిట్లే. లాటిన్ కవి జువెనలు అపూర్వమైన దానిని అరుదైన పక్షితోఁ బోల్చెను; ఇంగ్లీషువారు నేఁటికిని ఆ పోలికను వాడుదురు. దొరవారిసత్రమునకుఁ జేరువనున్న నేలపట్టు చెఱువునకు ఏటేట శీతకాలమున గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టును. వానికై 1976లో నచ్చట రక్షితస్థలమును ఏర్పఱచిరి. అంత యరుదైన పక్షులను జూచుచున్న మన జనులే మనిషిని ‘పిచ్చిపక్షి’ యన్నచోఁ జులకనగాఁ దలఁతురు. ఉపమానమును మోసికొని రావచ్చును. దానిచుట్టునున్న గాలిని మోసికొని రాలేము.

అట్లయినఁ జేయఁదగినదేమి? ఈ పదమును వెలివేయుఁడని నేను జెప్పను. రైలు, స్టేషను, కోర్టు, కేసువలె నిదియుఁ దెలుఁగైపోయినది. స్నేహితులలో ‘వాఁడొక క్యారెక్టరు’ అన్నచో అందు వెలితి లేదు. కాని వినువారు వేఱువేఱు వయస్సులవారును, వేఱువేఱు చదువులవారును అయినచోటను, స్త్రీని గూర్చి చెప్పునపుడును, ముఖ్యముగాఁ జనిపోయినవారిని గూర్చి చెప్పునపుడును జాగరూకత వలయును. బ్రతికియున్నవాఁడు తన్ను గూర్చిన మాటను దిద్దుకొనఁగలఁడు. పోయినవారికి మన మాటయే మిగిలిన చీటి.

తెలుఁగున నిట్టిచోటఁ బనికివచ్చు వాక్యములు కొఱఁతపడలేదు. ‘ఆమె వంటి మనిషి మఱి లేదు’ అనవచ్చును. ‘ఆమె తీరే వేఱు’ అనవచ్చును. ‘గట్టిమనిషి’ యనవచ్చును, ఇందు మనిషి యను మాట స్త్రీపురుషుల కుభయులకును సమానముగాఁ జెల్లును, శీలపుఁ దీర్పు లేదు. అన్నిటికంటె మేలైనది మఱొకటి కలదు. మనవారు మనిషిని విశేషణముచేతఁ గాక వృత్తాంతముచేతఁ బొగడుదురు. తెనాలి రామకృష్ణుఁడు ఎట్టివాఁడని యడిగినచో నెవ్వరును విశేషణము చెప్పరు. ఒక కథ చెప్పుదురు. థియొఫ్రాస్టసును జేసినదదియే: గుణమునకుఁ బేరు పెట్టి యూరకుండక ఆ గుణము గలవాఁడు అంగడిలో నేమి చేయునో, విందులో నేమి పలుకునో చూపినాఁడు.

మన మనుమఁడును ఆ పనియే చేసియుండవచ్చును. ‘మా అవ్వ పెద్ద క్యారెక్టర్’ అనుటకు మాఱుగా, బాకీవానికై రైలు కిటికీవద్దకుఁ బరువెత్తిన సంగతిని, ఆ చేతితోనే కాసులేనివానికి వడ్డించిన సంగతిని జెప్పినచోఁ జాలును. విన్నవారు నవ్వుదురు, నవ్వుచునే కన్నీరు పెట్టుకొందురు. వెనుకఁ గూర్చున్న ముసలమ్మ, ‘ఔను అబ్బయ్యా, మీ అవ్వ అట్టాంటిదే’ యని తానెఱిఁగిన మఱొక సంగతిని జేర్చును. అపుడు మనుమఁడు చెప్పఁదలఁచిన యర్థము నిశ్శేషముగా నందఱికిని అందును. ఈ పదముయొక్క మూఁడు త్రోవలను బండితులు మఱింత పరిశీలించి, ఆయా సీమలలో నిట్టి మనుష్యులను జెప్పు దేశ్యపదములను సేకరించి ప్రకటింతురు గాక యని కోరుచున్నాను.